వాకిట్లో బండలకు పట్టిన పాచి, తెల్లమచ్చలు: రాయి చెడకుండా వదిలించే పద్ధతి

వానలు వెనకబట్టాక ఇంటి చుట్టూ పరిచిన బండల గురించి రెండు ఫిర్యాదులు వినిపిస్తాయి. బండలు జారుతున్నాయని ఒకటి, ఎంత రుద్దినా ఆ తెల్లమచ్చలు పోవడం లేదని రెండోది. మొదటిది పాచి. ఒక్క పూటలో వదులుతుంది. రెండోది లైకెన్, రాళ్ల మీద మచ్చల్లా పెరిగే ఒక జీవి. దానికి వారాలు పడుతుంది, కండబలం పనికిరాదు. రెండింటినీ ఒకే మందుతో, ఒకే ఆదివారం తేల్చేద్దామనుకున్నప్పుడే చేయి యాసిడ్ సీసా మీదకు పోతుంది. మన వాకిళ్లలో బండలు పాడయ్యేది పాచి వల్ల కాదు, ఎక్కువగా ఆ యాసిడ్ వల్లే.

ముందు, మీ కాళ్ల కింద ఉన్నది ఏ రాయి?

తెలుగు రాష్ట్రాల్లో వాకిట్లో, పెరట్లో పరిచేవి చాలావరకు నాపరాళ్లే. వికారాబాద్ జిల్లా తాండూరు బండలు, నంద్యాల జిల్లా బేతంచెర్ల బండలు, నల్లటి కడప బండలు, కర్ణాటకలోని కలబురగి జిల్లా నుంచి వచ్చే షాబాదు బండలు, ఇవన్నీ సున్నపురాయి జాతివే. అంటే వీటిలో ప్రధానంగా ఉండేది కాల్షియం కార్బొనేట్. దాని మీద యాసిడ్ పడితే బుసబుసా నురుగు వస్తుంది. మురికి ఊడి వస్తోందని చాలామంది సంబరపడతారు. ఆ నురుగు కరిగిపోతున్న రాయి నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్. పై పొర కరిగి, మచ్చ కూడా దాంతో పాటు పోతుంది కాబట్టి ఆ రోజుకు బండ తెల్లగా మెరుస్తుంది. కానీ నున్నటి ముఖం పోయి గరుకు తేలుతుంది. ఆ గరుకులో నీరు, దుమ్ము నిలుస్తాయి. వచ్చే వానలకు పాచి ఇంకా తొందరగా, ఇంకా లోతుగా పడుతుంది. అప్పుడు మళ్లీ యాసిడ్. ఏటా యాసిడ్ పోయించే ఇళ్లలో బండలే ఏటా ఎక్కువ పాచి పడుతుంటే అది వింతేమీ కాదు.

చీమకుర్తి, కరీంనగర్ వైపు నుంచి వచ్చే గ్రానైట్ వేరు. అది యాసిడ్‌కు అంత తేలిగ్గా లొంగదు. అయినా అందులో ఇనుము ఉన్న ఖనిజాలుంటే యాసిడ్ తర్వాత పసుపు, తుప్పు రంగు తేలే ప్రమాదం ఉంది. సిమెంటుతో చేసిన పార్కింగ్ టైల్స్, ఇంటర్‌లాక్ బ్లాకులు మాత్రం నాపరాయి లాగే యాసిడ్‌కు కరుగుతాయి, పైన వేసిన రంగు కూడా పోతుంది.

ఏ రాయో తెలియకపోతే ఒక మూల, కుండీ కింద కనపడని చోట, నిమ్మరసం చుక్క వేసి వంగి దగ్గరగా చూడండి. సన్నటి బుడగలు లేస్తే సున్నపురాయో, సిమెంటో. పాలిష్ పెట్టిన బండ మీద ఆ చుక్క కూడా మచ్చ వదులుతుంది కాబట్టి, మేస్త్రి వదిలేసిన మిగులు ముక్క ఉంటే దాని మీద చూడడం మంచిది.

పట్టినది ఏమిటి?

ఆకుపచ్చగా, తడిసినప్పుడు జిగురుగా ఉండేది పాచి. నీడ పట్టున, కుళాయి దగ్గర, ఏసీ గొట్టం నీళ్లు కారే చోట ముందుగా కనిపిస్తుంది. వెల్వెట్ గుడ్డలా మెత్తగా సందుల్లో పెరిగేది నాచు. ఎండలో కూడా చెక్కు చెదరకుండా బండంతా నల్లగా పరుచుకునేది కూడా ఒకరకం పాచే. మసి అనుకుని సబ్బుతో రుద్దితే కదలదు.

లైకెన్ వేరే లెక్క. రూపాయి బిళ్లంత నుంచి అరచేతి అంత వరకు గుండ్రటి మచ్చలు, తెలుపు, బూడిద, లేత ఆకుపచ్చ, ఒక్కోసారి పసుపు. ఒక శిలీంధ్రం, ఒక శైవలం కలిసి కాపురం చేసే జీవి ఇది. బిర్యానీలో, మసాలాల్లో వేసే రాతిపువ్వు కూడా లైకెనే (మీ వాకిట్లోది వంటకు పనికిరాదు, ఆ ఆలోచన వద్దు). సున్నపురాయిలోకి దీని పోగులు కొంత లోతు వరకు దిగుతాయి. అందుకే పైన గీకినా మచ్చ నీడ మిగులుతుంది.

తెల్లమచ్చ అంటే లైకెనే కానక్కర్లేదు. మేస్త్రి చిందించిన సిమెంటు కావచ్చు, ఉప్పు తేలి ఉండవచ్చు, బోరు నీళ్ల చార కావచ్చు. తేల్చుకోవడానికి మచ్చ మీద కాస్త నీళ్లు చల్లి ఒక నిమిషం ఆగండి. లైకెన్ అయితే పై పొర తడికి పారదర్శకమై లోపలి శైవలం బయటపడుతుంది. బూడిద రంగు మచ్చ మీ కళ్ల ముందే పచ్చబడుతుంది. ఉప్పు అయితే తడికి మాయమై, ఆరాక తిరిగి వస్తుంది. సిమెంటు చుక్క అలాగే ఉంటుంది.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

సంక్రాంతి ముగ్గులకు వాకిలి శుభ్రంగా ఉండాలంటే భోగి ముందు రోజు చీపురు పట్టుకుంటే కుదరదు. తెలంగాణ, ఉత్తరాంధ్ర వాళ్లు దీపావళి దాటాక మొదలుపెట్టవచ్చు. నెల్లూరు, తిరుపతి వైపు ఈశాన్య రుతుపవనాల వానలు డిసెంబరు దాకా పడతాయి కాబట్టి అక్కడ లైకెన్ పని జనవరికి వాయిదా వేయడమే మేలు. మందు చల్లాక కనీసం ఒక రోజంతా వాన పడకూడదు. మండుటెండలో కూడా వద్దు. మందు పని చేసేలోపే ఆరిపోతుంది. మబ్బు పట్టిన రోజో, పొద్దున ఏడు లోపో, సాయంత్రం నాలుగు తర్వాతో చూసుకోండి.

కావలసిన సామాను

కొబ్బరి ఈనెల చీపురు, పొడుగు కర్ర ఉన్న గట్టి నైలాన్ బ్రష్, చెక్క అట్లకాడ లేదా ప్లాస్టిక్ గీకుడు పలక, రెండు ప్లాస్టిక్ బకెట్లు, మొక్కలకు మందు కొట్టే చేతిపంపు. మోచేతి దాకా వచ్చే రబ్బరు గ్లవ్స్, కళ్లద్దాలు, పాత బట్టలు, జారని చెప్పులు. ఇనుప తీగల బ్రష్ మాత్రం దగ్గరకు రానివ్వకండి. అది రాయిని గీరుతుంది, విరిగిన తీగ ముక్కలు సందుల్లో దిగి నెల తిరక్కుండా తుప్పు మరకలు పెడతాయి.

మందుల్లో చాకలి సోడా, బ్లీచింగ్ పౌడర్ ఏ కిరాణా కొట్లో అయినా దొరుకుతాయి. లైకెన్ కోసం బెంజాల్కోనియం క్లోరైడ్ కావాలి. కోస్తాలో దీని కోసం వెతకక్కర్లేదు. రొయ్యల చెరువుల మందులమ్మే షాపులో బీకేసీ అని అడిగితే ఇస్తారు, యాభై శాతం, ఎనభై శాతం గాఢతల్లో ఉంటుంది. మిగతా చోట్ల కెమికల్ షాపుల్లో దొరుకుతుంది.

మొదటి మెట్టు: పొడిగా ఉన్నప్పుడే ఊడ్చి, గీకడం

నీళ్లు పోయకముందే చేయాల్సిన పని ఇది. సందుల్లో పెరిగిన గడ్డిని వేళ్లతో సహా లాగేయండి. ఎండిన నాచును అట్లకాడతో లేపితే పెళ్లలుగా వస్తుంది. ఊడ్చి, ఎత్తి పారేయండి. తడిపాక ఊడిస్తే ఇదంతా బురదై బండల రంధ్రాల్లోకి పోతుంది, పని రెట్టింపవుతుంది. లైకెన్ జోలికి ఇప్పుడే పోకండి.

రెండో మెట్టు: సోడా నీళ్లతో కడగడం

పది లీటర్ల వేడినీళ్లలో వంద గ్రాముల చాకలి సోడా, ఒక చెంచా గిన్నెల సబ్బు ద్రవం కలపండి. బండలు తడిపి, ఈ నీళ్లు పోసి పావుగంట నానబెట్టి బ్రష్‌తో రుద్దండి. దుమ్ము, జిడ్డు, పక్షుల రెట్టలు, పూలకుండీల బురద దీనికే పోతాయి. నాపరాయికి సోడా వల్ల హాని లేదు. తర్వాత శుభ్రమైన నీళ్లతో బాగా కడగాలి. సబ్బు మిగిలిపోతే తర్వాత చల్లే బీకేసీ పనిచేయదు, సబ్బుకూ దానికీ పడదు.

చాలా ఇళ్లకు ఈ మెట్టుతోనే పని అయిపోతుంది. బండలు ఆరాక ఒకసారి చూసుకుని, పచ్చదనం, నలుపు ఇంకా ఉంటేనే ముందుకు వెళ్లండి.

మూడో మెట్టు: పాచికీ, నలుపుకూ బ్లీచింగ్

పది లీటర్ల నీళ్లలో మూడు వందల గ్రాముల బ్లీచింగ్ పౌడర్ వేయండి. కొత్త పౌడర్‌లో ముప్పై శాతానికి అటూ ఇటూగా క్లోరిన్ ఉంటుంది కాబట్టి, ఈ పాళ్లలో ద్రావణం దాదాపు ఒక శాతం బలంతో తయారవుతుంది. పౌడర్‌ను నీళ్లలో వేయాలి గానీ పౌడర్ మీద నీళ్లు పోయకూడదు. ఆరుబయట, గాలికి వీపు పెట్టి కలపండి. ఘాటు వాసన లేని పాత ప్యాకెట్‌తో శ్రమ దండగ.

కలిపిన వెంటనే పోయొద్దు. అరగంట ఆగితే అడుగున తెల్లటి మడ్డి దిగుతుంది. అది సున్నం. పైన తేటను మాత్రం గుడ్డలో వడకట్టి వాడండి. మడ్డితో సహా పోస్తే ఆరాక బండలన్నీ సున్నం కొట్టినట్టు తెల్లబడి ఇంకో తలనొప్పి తెచ్చిపెడతాయి. రెండు వందల చదరపు అడుగులకు ఈ పది లీటర్లు సరిపోతాయి.

చల్లేముందు చుట్టూ ఉన్న మొక్కల మొదళ్లు, ఆకులు మామూలు నీళ్లతో బాగా తడపండి. అప్పటికే తడిగా ఉన్న మట్టి బ్లీచింగ్ నీళ్లను తక్కువ పీల్చుకుంటుంది. కదిపే కుండీలు దూరం జరపండి, తులసికోట చుట్టూ పాలిథీన్ షీటు కప్పండి. తామర తొట్టి, చేపల తొట్టి ఉంటే తప్పకుండా మూయాలి. బావి వైపు నీరు పోకుండా మట్టికట్ట వేయండి.

చేతిపంపుతో చల్లి ఇరవై నిమిషాలు తడి ఆరకుండా చూసుకోండి. ఆరుతున్న చోట మళ్లీ కాస్త చల్లండి. పచ్చదనం కళ్ల ముందే పాలిపోతుంది. అప్పుడు బ్రష్‌తో రుద్ది, ధారాళంగా నీళ్లు పోసి కడగాలి. మొక్కల మీద మరోసారి నీళ్లు కొట్టాలి. నల్లపాచి మొండిది, వారం ఆగి ఇంకో విడత చేయాల్సి రావచ్చు. గాఢత పెంచితే ఒకే విడతలో పోతుందని ఆశపడకండి.

ఇక్కడ ఒక్క మాట, దీంట్లో బేరం లేదు. బ్లీచింగ్‌నీ యాసిడ్‌నీ, యాసిడ్ ఉన్న టాయిలెట్ క్లీనర్‌నీ కలపకూడదు. ఒకదాని తర్వాత ఒకటి కూడా పోయకూడదు. విడుదలయ్యేది క్లోరిన్ వాయువు, ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. అమ్మోనియా ఉన్న క్లీనర్లతో కలిసినా విషవాయువే. పనికి పిలిచిన మనిషి సొంత సీసా తెచ్చుకుంటే, అందులో ఏముందో అడగకుండా మూత తీయనివ్వకండి. పిల్లలు, పెంపుడు జంతువులు బండలు కడిగి ఆరేదాకా అటు రాకూడదు.

నాలుగో మెట్టు: లైకెన్‌ను చంపి, ఆగడం

లైకెన్ విషయంలో చేయాల్సినవి మూడే. తడపడం, చంపడం, ఆగడం. మూడోదే ఎవరికీ చేతకాదు.

పొడిగా ఉన్న లైకెన్ దాదాపు నిద్రలో ఉంటుంది, మందు తాగదు. గీకబోతే పెళుసుగా విరిగి రాయిని కూడా గీరిస్తుంది. అందుకని ముందురోజు సాయంత్రం మచ్చల మీద నీళ్లు చల్లండి. పొద్దున్నకు అది ఉబ్బి, తోలులా మెత్తబడుతుంది. పైకి లేచిన అంచులను చెక్క అట్లకాడతో సుతారంగా గీకండి. తేలిగ్గా వచ్చినంతే తీయాలి, రాయికి అతుక్కున్న పల్చటి పొరను వదిలేయాలి.

యాభై శాతం బీకేసీ మూడు వందల మిల్లీలీటర్లు పది లీటర్ల నీళ్లలో కలిపితే ఒకటిన్నర శాతం ద్రావణం వస్తుంది. ఎనభై శాతానిదైతే రెండు వందల మిల్లీలీటర్లు చాలు. చిక్కటి మందు కంట్లో పడితే చాలా ప్రమాదం, సీసా వంచేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి. మచ్చలు చెమ్మగా ఉండి, నీళ్లు నిలవకుండా ఉన్నప్పుడు అవి పూర్తిగా తడిసేలా చల్లండి. దీన్ని కడగకూడదు. అలాగే వదిలేయాలి. బ్లీచింగ్ వాడిన చోటైతే కనీసం రెండు మూడు రోజుల ముందే దాన్ని శుభ్రంగా కడిగేసి ఉండాలి, రెండు మందులూ కలవకూడదు. చేపలకు, నీటిలో బతికే ప్రాణులకు బీకేసీ విషం. మిగిలిన మందును కాలువలో ఒంపకుండా వేరే బండల మీదే చల్లి ఖర్చు చేసేయండి.

కొన్ని రోజులకు పచ్చ, బూడిద రంగు మచ్చలు గోధుమ రంగుకో, పాలిపోయిన తెలుపుకో మారతాయి. అంటే చచ్చింది, కానీ పట్టు వదలలేదు. ఈ దశలో చాలామందికి టెన్షన్ మొదలై గట్టి బ్రష్ తీస్తారు. వద్దు. ఎండకు, మంచుకు, నడిచే కాళ్లకు అది పొడిపొడిగా రాలుతుంది. మూడు నాలుగు వారాల తర్వాత నైలాన్ బ్రష్‌తో రుద్దితే చాలావరకు పోతుంది. మందమైన వాటికి ఇంకో విడత చల్లాలి. నల్ల చుక్కల్లాంటి రకం అయితే పోగులు లోపలికి దిగి ఉంటాయి, చచ్చాక కూడా నీడ నెలల తరబడి కనిపిస్తుంది. దాన్ని చూసీ చూడనట్టు వదిలేయడమే తెలివి. రాయి ముఖం చెక్కేసి మచ్చ తీసేకంటే మచ్చ ఉన్న రాయే నయం.

ప్రెషర్ వాషర్ ఉందంటే

ఉంటే పని తొందరగా అవుతుంది, నిజమే. కానీ తాండూరు, షాబాదు బండలు పొరలు పొరలుగా ఏర్పడిన రాళ్లు. గట్టి నీటిధార ఒక అంచు కింద దూరిందంటే పొర లేచిపోతుంది. ఇంట్లో వాడే మెషీన్లు చాలావరకు వంద బార్ ఒత్తిడికి పైనే కొడతాయి. వీలైతే ఒత్తిడి తగ్గించండి. విసనకర్రలా విచ్చుకునే వెడల్పు నాజిల్ పెట్టి, అడుగు దూరం నుంచి, ఏటవాలుగా కొట్టండి. గుండ్రంగా తిరిగే టర్బో నాజిల్ నాపరాళ్లకు పనికిరాదు. సందుల మీద నేరుగా కొడితే వాటిలో పూడ్చిన సిమెంటు (పాయింటింగ్) లేచి, బండ కింద మట్టి కొట్టుకుపోయి, నెలలోనే బండ ఊగడం మొదలవుతుంది. బతికున్న లైకెన్ మీద ప్రెషర్ వాషర్ కొట్టడం వృథా ప్రయాస. పైపొర పోతుంది, లోపలి పోగులు మిగులుతాయి.

పాచి కాని మరకలు

దీపం నూనె: తులసికోట చుట్టూ నల్లటి జిడ్డు వలయం ఉంటుంది. నూనె రాయిలోకి ఇంకిపోయింది కాబట్టి పైన రుద్దితే రాదు, బయటికి పీల్చాలి. ముల్తానీ మట్టిలో చాకలి సోడా నీళ్లు పోసి దోసెల పిండి అంత చిక్కగా కలిపి, మరక మీద అర అంగుళం మందాన పట్టించండి. పైన పాలిథీన్ కప్పి, అంచులకు టేపు వేసి ఒక రోజు ఉంచండి. తర్వాత కవరు తీసేసి, ఆ ముద్ద పూర్తిగా ఎండనివ్వండి. ఎండే క్రమంలోనే అది నూనెను లాగుతుంది. పెళ్లలు తీసి కడగండి. పాత మరకకు రెండు మూడు సార్లు పడుతుంది. బైకు ఆయిల్‌కూ ఇదే వైద్యం.

బోరు నీళ్ల తెల్లచారలు: నాపరాళ్ల మీద వీటితో జాగ్రత్త. ఆ తెల్లపొర, కింద రాయి రెండూ కాల్షియం కార్బొనేటే. చారను కరిగించే ఏ యాసిడైనా, వెనిగర్, నిమ్మరసంతో సహా, రాయిని కూడా కరిగిస్తుంది. నీళ్లు పోస్తూ కాళ్లు రుద్దుకునే రాయితో మెల్లగా అరగదీయడం ఒక్కటే దారి. అది కూడా పాలిష్ లేని బండల మీదే.

పసుపు మరక ఎండకు దానంతటదే వెలిసిపోతుంది. కుంకుమ కదలకపోతే ఆ చోట మాత్రం బ్లీచింగ్ తేట అద్దండి. తుప్పు మరకలకు అమ్మే ఆక్సాలిక్ యాసిడ్ గ్రానైట్‌కు సరే, నాపరాయికి కాదు.

లండన్ వైపు స్థిరపడిన మనవాళ్ల పెరళ్లలో కూడా కడప నల్లబండలు కనిపిస్తాయి, అక్కడికి ఎగుమతి అవుతాయి. అక్కడ షాపుల్లో అమ్మే పేవింగ్ క్లీనర్లలో కొన్ని యాసిడ్‌తో చేసినవి. అవి పడితే నల్లబండ బూడిద రంగులోకి తిరుగుతుంది, మళ్లీ నల్లబడదు. డబ్బా వెనక చదివి, సున్నపురాయికి వాడవచ్చని రాసి ఉంటేనే కొనండి.

చివరి మెట్టు: సందులు, వాలు, సీలర్

కడిగాక ఖాళీ అయిన సందులను అలా వదిలేస్తే దుమ్ము చేరి గడ్డి లేస్తుంది. సిమెంటు పాయింటింగ్ ఉన్న చోట మేస్త్రితో పూడ్పించండి. ఇంటర్‌లాక్ బ్లాకులైతే ఎండిన సన్న ఇసుకను చీపురుతో సందుల్లోకి తోయాలి. తడి ఇసుక లోపలికి దిగదు.

ఒక బకెట్ నీళ్లు కుమ్మరించి ఎటు పోతున్నాయో చూడండి. ఆరేడు అడుగులకు ఒక అంగుళం వాలు ఉంటే నీరు నిలవదు. పాచి మళ్లీ మళ్లీ ఒకే చోట పడుతుంటే అక్కడ బండ కుంగి ఉంటుంది, లేదా పైన ట్యాంకు పొర్లుతూనో ఏసీ గొట్టం కారుతూనో ఉంటుంది. గొట్టానికి ఇంకో నాలుగడుగుల పైపు తగిలించి మొక్కల్లోకి మళ్లిస్తే, ఏ మందూ చేయలేని పని జరుగుతుంది. నీడనిచ్చే కొమ్మలు కొన్ని నరికి ఎండ తగలనివ్వండి. మట్టి వాకిలికి కళ్లాపి బాగుంటుంది గానీ, బండల మీద పేడనీళ్లు, బియ్యం కడుగు పోయడమంటే పాచికి మేత వేయడమే. కుండీల నుంచి కారే ఎరువు నీళ్లూ అంతే, వాటి కింద పళ్లేలు పెట్టండి.

సీలర్, అంటే బండలోకి నీరు ఇంకకుండా పూసే ద్రవం, వేయాలా వద్దా అంటే, బండ మీద నీటి చుక్క వేసి చూడండి. ఒకట్రెండు నిమిషాల్లో ఇంకి మచ్చ నల్లబడితే సీలర్ వల్ల ఉపయోగం ఉంది. చుక్క అలాగే నిలబడితే డబ్బు దండగ. ఆరుబయట నాపరాళ్లకు లోపలికి ఇంకే రకం, అంటే సిలేన్, సిలోక్సేన్ ఉన్నది అడగండి. పైన మెరుపు పొర వేసే లక్కరు వద్దు. అది తడికి జారుతుంది, కింద చిక్కిన చెమ్మకు తెల్లబడి పొట్టులా లేస్తుంది. కడిగాక మూడు నాలుగు రోజులు మంచి ఎండ కాయనిచ్చి, లైకెన్ చచ్చి రాలిపోయిందని రూఢి చేసుకున్నాకే సీలర్ డబ్బా తెరవండి. ముందు ఒక మూల బండకు వేసి, మర్నాడు రంగు మారిందేమో చూసి, అప్పుడు మిగతా వాకిలికి వేయండి.